నాగులేరు దాటేముందు

మా నడికుడి చుట్టుపక్కల జీపు నడిపే కుర్రాళ్లకు ఒక మాట. నాకూ నాగులేరు వాగంటే ప్రాణమే. కానీ ఎగువన కారంపూడి వైపు గట్టి వాన పడిందంటే, ఇక్కడ ఎండ కాస్తున్నా దాచేపల్లి దగ్గర వాగు పొంగుతుంది. నీళ్లు బురదరంగుకు తిరిగి, నురగ, పుల్లలు కొట్టుకొస్తుంటే చప్టా మీదకైనా బండి దించకండి. తేటగా ఉన్నా సరే, ముందు ఒకరు కర్రతో లోతు చూడాలి. నాచు పట్టిన నాపరాయి మీద నాలుగు చక్రాలూ లాగే బండైనా జారుతుంది. ఒడ్డునే ‘ఫోర్-లో’ (4L) గేరు వేసుకుని, ఫస్ట్ గేర్లో, మధ్యలో క్లచ్ తొక్కకుండా నిదానంగా పోనివ్వండి. అవతల ఎక్కగానే బ్రేకు రెండు మూడుసార్లు నొక్కితే తడి ఆరుతుంది. మోకాలి లోతు దాటి పారుతుంటే మాత్రం నేను వంతెన మీదుగా చుట్టు తిరిగే వస్తాను.