గుర్రం కాలు

మనిషికి కాలు విరిగితే పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టిస్తారు. నెలా పదిహేను రోజులు మంచం మీద పడుకుని, వచ్చే పోయే చుట్టాల చేత పలకరింపులూ బత్తాయిపళ్ళూ అందుకుని, ఆ తరువాత కర్ర పట్టుకుని లేచి తిరుగుతాడు. పందెపు గుర్రానికి కాలు విరిగితే మాత్రం చాలాసార్లు ప్రాణమే తీసేస్తారు. "అంత డబ్బు పోసి కొన్నవాళ్ళు ఒక్క కట్టు కట్టించలేరా? పాపం, మూగజీవం!" అని మా ఆవిడ నన్ను నిలదీస్తూ వుంటుంది, ఆ గుర్రాలన్నీ నావే అయినట్టు. నాకు పందేల మీద పైసా కాసే అలవాటు లేదు. కాని తెలిసిన పశువైద్యుడొకాయన వెంట పొద్దున్నే మలక్‌పేట రేసుకోర్సుకు వెళ్ళి, గుర్రాలను తిప్పుతూంటే చూడటం సరదా. ఆ సరదాకొద్దీ తెలుసుకున్న సంగతులివి.

ముందు ఆ కాలు ఎటువంటిదో చూడండి. గుర్రం ముంగాలికి మోకాలని మనం అనుకునేది నిజానికి మన మణికట్టు. వెనకకాలికి వెనక్కి పొడుచుకువచ్చిన కీలు మన మడమ. కాలి చివర వున్నది ఒక్క వేలు, గిట్ట ఆ వేలి గోరు. 450, 500 కిలోల జంతువు నాలుగు గోళ్ళ మీద నిలబడి వుందన్నమాట! మోకాలి కింద కండ లేదు. ఎముకా, కండను ఎముకకు కట్టిపడేసే తెల్లని తాళ్ళూ, పైన తోలూ, అంతే. కాలు అంత తేలిక కనుకనే గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోగలుగుతుంది. దౌడులో ఒక్క ముంగాలి మీదే శరీరం బరువుకు రెట్టింపు పైగా భారం పడే క్షణాలుంటాయి. అప్పుడు కాలి వెనక తాడు సాగి, మళ్ళీ ముడుచుకుంటుంది. ఆ సాగుడుకే దాని లోపల 45 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడెక్కుతుందని కొలిచి చూశారు. అది చిట్లితే కాలి వెనక విల్లులా వాపు లేస్తుంది. మానడానికి ఇంచుమించు ఏడాది. మానినా మునుపటి సాగుడు రాదు.

ఇక ఎముక సంగతి. బార్బరో అనే గుర్రం 2006 మే 6న అమెరికాలో కెంటకీ డెర్బీ గెలిచింది. రెండు వారాలు తిరిగాయో లేదో, బాల్టిమోరులో జరిగిన పందెంలో బయలుదేరిన కొద్ది క్షణాలకే కుడి వెనకకాలు ముక్కలయింది. జాకీ వెంటనే కళ్ళెం బిగించి ఆపాడు. పెన్సిల్వేనియాలో డాక్టరు డీన్ రిచర్డ్‌సన్ ఉక్కు పట్టీ వేసి, 20కి పైగా మరలు బిగించాడు. మత్తు దిగేటప్పుడు నీళ్ళతొట్టిలో తెప్ప మీద తేలుతూ మేలుకునే ఏర్పాటు చేశారు. ఎందుకంటే 1975లో రఫియన్ అనే ఆడగుర్రం శస్త్రచికిత్స అయి మత్తు వదలగానే, ఇంకా పందెంలోనే వున్నట్టు కాళ్ళు విదిలించుకుని కట్టూ కాలూ మళ్ళీ చెడగొట్టుకుంది. దాన్ని దక్కించుకోలేకపోయారు.

బార్బరో విరిగిన ఎముక చాలామటుకు అతుక్కుంది. చంపింది ఆ కాలు కాదు. గుర్రం మనలా రోజుల తరబడి పడుకోలేదు. పడుకుంటే దాని బరువే దాన్ని నలిపేస్తుంది. నొప్పికాలు ఎత్తిపెట్టి తక్కిన కాళ్ళ మీద మొగ్గితే, ఆ గిట్టలలో నెత్తురు సరిగా ఆడదు. లోపలి పొరలు పట్టు వదిలేస్తాయి, ఎముక దిగజారుతుంది. ముందు ఎడమ వెనకకాలు, చివరకు ముంగాళ్ళు రెండూ అలాగే అయ్యాయి. 2007 జనవరి 29న ఇక బాధపెట్టలేక సాగనంపారు. ఎనిమిది నెలలు, డబ్బుకు వెనుదీయకుండా చేసిన వైద్యం. మా ఆవిడకు ఇదంతా చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

అన్ని విరుగుళ్ళూ ఇంతటివి కావు. చిన్న చీలికకు మర బిగిస్తే మళ్ళీ పందేలలో పరుగెత్తిన గుర్రాలున్నాయి. అసలు పెద్దగా విరిగిన చాలా ఎముకలలో ముందే వెంట్రుకవాసి బీటలుంటాయట. రోజూ దౌడు తీసే కొద్దీ అరిగేదీ, విశ్రాంతిలో పూడేదీ ఎముకే. పూడే లోపల మళ్ళీ పరుగెత్తిస్తేనే ముప్పు. కాబట్టి వైద్యుడికన్నా ముందు కనిపెట్టవలసినవాడు సయీసు. లాయంలో అతని మొదటి పని చేత్తో నాలుగు కాళ్ళూ తడమటం. వేడి తగిలితే అనుమానం. ఆ పైన నడిపించి తల చూస్తారు. ముంగాలు నొప్పయితే, అది నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచికాలు మోపినప్పుడు కిందికి వాలుతుంది. విరాటుని కొలువులో దామగ్రంథిగా చేరిన నకులుడు కూడా రోజూ చేసింది ఈ పనే అయివుంటుంది.

ఒకనాడు ఒక ముసలి సయీసు ఎర్రగుర్రం ముంగాలు పట్టుకుని కూర్చుని వున్నాడు. "రాత్రి లేదు సాబ్, ఇప్పుడు గరం వుంది," అన్నాడు. ట్రైనరు వంగి రెండు కాళ్ళూ నొక్కి చూశాడు. నడిపించి చూశాడు. తల ఊగలేదు. మా పశువైద్యుడు తడిమినా ఏమీ తెలియలేదు. ఆ వారంలోనే పందెం; యజమాని అందుకోసమే నాలుగు నెలలుగా ఎదురు చూస్తున్నాడట. ట్రైనరు గుర్రం మొహం వంక కాదు, సయీసు మొహం వంక చూస్తూ కొంతసేపు నిలుచున్నాడు. తరువాత లాయానికి తీసుకుపొమ్మని చెయ్యి వూపి, యజమానికి ఫోను చెయ్యడానికి పక్కకు వెళ్ళాడు. అవతలి నుంచి వచ్చిన కేకలు మా దాకా వినిపించాయి. సయీసు మాత్రం గుర్రాన్ని మెల్లగా నడిపించుకుంటూ పోతున్నాడు, దాని చెవిలో ఏదో చెబుతూ.