గడప దాటిన మురికి

చెఱువు నిండినచో కప్పలు పదివేలు చేరునని మన పెద్దలు చెప్పుదురు. చేరిన కప్పలు పిమ్మట ఆ చెఱువును ఏమి చేయునో సామెత చెప్పలేదు. ఆ చెప్పని కథను మేము కొండాపురమున కాపురముండి కన్నులార చూచుచున్నాము. చూచుట మాత్రమే కాదు. ఆ కప్పలలో మేమును ఒకరము.

మాదాపురమున సైబర్ టవర్స్ అను భవనము 1998 నవంబరు 22వ తేదీన ప్రారంభింపబడినది. దానితో హైటెక్ సిటీ యన్న పేరు లోకమునకు తెలిసినది. అంతకు పూర్వ మీ ప్రాంతమంతయు గుండ్లును, పొదలును, వాని నడుమ చెఱువులును. ఒకప్పుడు గోలకొండ కోటకు మంచినీ రిచ్చినదని దుర్గము చెఱువునకు ప్రసిద్ధి. ఆ చెఱువుపై 2020లో తీగల వంతెన వెలసినది. రాత్రివేళ దాని దీపములను చూచుటకు జనులు తండోపతండములుగా వత్తురు; ఆ నీటిని త్రాగుటకు మాత్రము ఎవరును సాహసింపరు. గచ్చిబౌలి యను పేరులోని బౌలి యనగా బావి. బావి పేరు పెట్టుకొన్న ఈ ప్రాంతము 2024 వేసవిలో బోరు లెండి, ట్యాంకరు నీటికై రేయింబవళ్లు ఎదురుచూచినది. ఆ ఎదురుచూచినవారిలోను మేముంటిమి.

మఱుసటి యేడు కంచ గచ్చిబౌలి సంగతి వచ్చినది. కంచ యనగా పసుల మేతకు విడిచిన బీడు. హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొని యున్న 400 ఎకరముల ఆ నేలలో నెమళ్లును, చుక్కల జింకలును గలవు. భూమి ఎవరిదన్న వివాద మొక ప్రక్క నుండగానే, అక్కడ సాంకేతిక సంస్థలకు తావు కల్పింపవలెనని ప్రభుత్వము తలపెట్టి 2025 మార్చి 30న యంత్రములను దింపినది. విద్యార్థులు అడ్డుపడిరి, కొందఱు పోలీసుల నిర్బంధమునకు లోనైరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు పనిని నిలుపుమని ఆజ్ఞాపించెను. అప్పటికే సుమారు 100 ఎకరములలో చెట్లు కూలినవి.

ఆ దినములలో మేమును ఊరకుండలేదు. విన్నపముపై సంతకము చేసితిమి. బంధుమిత్రులచేత చేయించితిమి. ఒక సాయంకాలము విశ్వవిద్యాలయపు ద్వారము దాపునకు పోయి పదిమందితో పాటు నిలిచితిమి. తిరిగివచ్చునపుడు మా మనస్సు గర్వముతో నిండియుండెనని దాపఱికము లేక చెప్పవలెను. లోకమున కేదో ఉపకారము చేసి యింటికి పోవుచున్నా మనుకొంటిమి.

మా గృహసముదాయపు నేలమాళిగలో కార్లు నిలుపు తావున, ఒక మూల, ఇండ్ల చెత్తసంచులను పోగుచేసి ఏరు స్త్రీ యొకతె గలదు. మేము కారు దిగుసరికి ఆమె కుడిచేతిని కొళాయి క్రింద పెట్టుకొని నిలిచియుండెను. నీటితో పాటు నెత్తురు పాఱుచుండెను. ఆ యుదయము మా యింట పాత ఆవకాయ సీసా జాఱి పగిలినది. ఆ పెంకులను, ఊటను, ముక్కలను కలిపి యెత్తి నల్లసంచిలో వేసి, పైన అరటితొక్కలు వేసి, మూతి బిగించి తలుపు వెలుపల పెట్టినవారము మేమే. గాయమున కారము తగిలి ఆమె చేయి మండుచుండెను. ఆమె మమ్ము తిట్టలేదు. “చెట్లు కొట్టొద్దని పోయొచ్చిండ్రంట గద సారూ, మంచిగ చేసిండ్రు. జర గీ గాజు పెంకులు కాయితంల సుట్టి అలగ్ పెట్టుండ్రి, చెయ్యి కోసుకపోతున్నది” అని మాత్ర మనినది.

ఆమె మాటలో వెక్కిరింత యేమియు లేదు. ఉండినచో మేము కోపపడి తప్పించుకొనియుందుము. ఆమెను వైద్యుని యొద్దకు గొనిపోయి కుట్లు వేయించితిమి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

మా నాయనమ్మ మడి కట్టుకొన్నప్పుడు పిల్లలము ఎదురుగా పోగూడదు. ఆమె యింటిని దినమునకు రెండుమాఱులు తుడిపించెడిది. తుడిచినదంతయు గడప దాటగానే ఆమె దృష్టికి లేకపోయెడిది. అటుపిమ్మట అది ఎవరి చేతులకు అంటునో, ఆ చేతులవారిని ఏల దూరముగా నిలుపుదుమో ఆమె అడుగలేదు. మే మింగ్లీషు చదివితిమి, మడిని విడిచితిమి, అస్పృశ్యత పాపమని వ్యాసములు వ్రాసితిమి. కాని మురికి గడప దాటినంతనే మనది కాదన్న ఆచారమును మాత్రము ఒక యక్షరమైనను మార్చక నిలుపుకొంటిమి. నాయనమ్మ కాలమున ఆ తుడుపు పెరటి పెంటకుప్పలో పడి, వానలకు ముందు చేనికి పోయి ఎరువయ్యెడిది. మా సంచి అదియును కాదు. అది లారీ యెక్కి నగరము దాటి ఈశాన్యముననున్న జవహర్‌నగరు గుట్టను చేరును. ఆ గుట్టవలన తమ భూగర్భజలము చెడినదనియు, దుర్గంధమున నిలువలేకున్నామనియు అక్కడివారు ఏండ్ల తరబడి మొఱపెట్టుచున్నారు. మా యిల్లు శుభ్రముగా నుండుటకు వారి నూతులు వెల యిచ్చినవి.

తరువాతి ఆదివారమున మా సముదాయపు సభలో ఈ సంగతి నెత్తితిమి. తడి చెత్తను, పొడి చెత్తను, హానికరమైనదానిని ఇంటిలోనే వేఱుచేయవలెనని 2016లో కేంద్రప్రభుత్వము వెలువరించిన నియమములలోనే యుండెను. వాడిన శానిటరీ గుడ్డలను విడిగా చుట్టి యీయవలెననియు అందే యుండెను. చదివి వినిపించితిమి. “నెలనెలా సొమ్ము కట్టుచున్నాము, ఇంక మాకేమి పని?” అని యొకరు. “ఆవరణలో పెంట పెట్టినచో ఇండ్ల ధర పడిపోవును” అని మఱియొకరు. “క్రింద కుళ్లు మాగుచుండగా మీద పూజ యెట్లు చేయుదుము?” అని ఒక వృద్ధుడు. దీనికి మేము తడబడితిమి. ఉద్యోగవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని లేచి, “పూజ చేసిన పూలను తొక్కరాదని మొక్కల మొదట వేయుదుము గదా, బాబాయిగారూ! అన్నము పరబ్రహ్మస్వరూప మనెడి మనము అన్నశేషమును పసిపిల్లల డయపరుతో కలిపి కట్టుటకు ఏ శాస్త్ర మొప్పినది?” అని యడిగిరి. సభ నవ్వినది. వృద్ధుడును నవ్వెను. పని ఆ నవ్వుతో మొదలైనది.

మొదలైనంత సులభముగా సాగలేదు. మొదటి తొట్టి పదిదినములకే కంపుకొట్టినది. పురుగులు మెట్లవఱకు ప్రాకినవి. మమ్ము చూచి ముక్కు మూసుకొనినవారు కలరు. తప్పు మాదే. కూరగాయల తొక్కలలో నీరెక్కువ. గాలి యాడనిచో అవి కుళ్లునేగాని మాగవు. తోటమాలి దినదినము ఊడ్చి గోనెలలో కట్టి బయటికి పంపుచున్న ఎండుటాకులే దానికి మందని పిమ్మట తెలిసినది. తొక్కలపై ఒక పొర ఆకులు, కొంచెము పుల్లమజ్జిగ, నాలుగు దినముల కొకమాఱు తిరుగవేయుట, ఇంతే. లోపల వేడి పుట్టి ఆవిరి లేచును. సుమారు రెండు నెలలకు, వానపడిన మట్టివంటి వాసనతో నల్లని యెరువు చేతికి వచ్చినది. ఇంటి చెత్తలో సుమారు సగము తడిచెత్తయే గనుక, లారీ యెక్కునది ఆ మేరకు తగ్గినది.

నీటి సంగతియు అట్లే లెక్కవేసితిమి. మా మేడ పైకప్పు సుమారు 1000 చదరపు మీటర్లు. ఈ నగరమున ఏటికి సగటున 800 మిల్లీమీటర్ల వాన కురియును. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడిన నది యొక లీటరు. అనగా మా తలపై ఏటేట 8 లక్షల లీటర్లు పడి మురుగుకాలువలో కలియుచున్నవి. అందు నాలుగవవంతు వ్యర్థమైనను, 10,000 లీటర్ల ట్యాంకర్లు 60 మిగులును. గొట్టములను మరల్చి, కంకరయు ఇసుకయు నింపిన గుంటల ద్వారా ఎండిన బోరు చుట్టును ఇంకించితిమి. ఆ వానకాలము కడచిన పిమ్మట బోరులో నీరు కానవచ్చినది. అది మా గుంటల ఫలమో, ఆ యేటి వానల చలువయో మేము నిశ్చయింపజాలము. ట్యాంకరు నేటికిని వచ్చుచున్నది. మునుపటికంటె తక్కువమాఱులు వచ్చుచున్నది.

ఇంటి తొక్కలను మాగబెట్టినంతమాత్రమున అడవులు నిలుచునా యని చదువరులు అడుగవచ్చును. నిలువవు. తొట్టి నొకదానిని పెట్టి, చెఱువులను పూడ్చువారిని, గుట్టలను పగులగొట్టువారిని ప్రశ్నింపక విడుచుట ఆత్మవంచన. ఆ విద్యార్థులు యంత్రముల కడ్డు నిలువకున్నచో నేడు మాటాడుటకు కంచయే లేకపోయెడిది. మా మేడకు నూఱింతలు పైకప్పు గల అద్దాల భవనములను వాననీటి లెక్క అడుగవలసినదే. అయినను ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న మాటలో మే మిన్నాళ్లు గ్రహింపని యర్థమొకటి గలదు. 2025 ఏప్రిల్ 16వ తేదీ విచారణలో సుప్రీంకోర్టు, నఱికిన చోటును ఎట్లు బాగుచేయుదురో చెప్పుమని ప్రభుత్వము నడిగెను. ఆ ప్రశ్నను పత్రికలో చదివినప్పుడు మేము చప్పట్లు కొట్టలేకపోతిమి. మా సంచుల విషయమున దానికి సమాధాన మప్పటికింకను మాయొద్ద లేదు.

నేటికిని మాలో కొన్ని యిండ్లవారు కలిపియే కట్టుచున్నారు. వారిని దూషించుటకు మాకు నోరు రాదు. మొన్నటివఱకు మేమును వారమే. ఆ స్త్రీకి జీతము కొంత పెంచితిమి, చేతితొడుగులు కొంటిమి, కాని ఏరుట యను పనియే ఆమెకు లేకుండుట మా గమ్యము. ఎండుటాకుల తొట్టిని తిరుగవేయుట ఆమె పని కాదని సభలో తీర్మానమైనది. ఇంటింటికి వంతు వచ్చును. ఈ ఆదివారము మాది. మొదటిమాఱు ఆ వేడి యెరువులో చేయి పెట్టినపుడు మా చిన్ననాటి మడి యంతయు మాలో లేచి వెనుకకు లాగినది. రెండవమాఱు అంతగా లాగలేదు. కుట్లు వేసిన చోట ఆమె అఱచేతిలో గీత నిలిచియున్నది. తొట్టియొద్ద నిలిచి, “గట్ల కాదు సారూ, కిందికెల్లి తియ్యుండ్రి” అని ఆ చేతితోనే మాకు పని నేర్పుచున్నది.