మోండా నుంచి అమెరికాకి... నూనె ఒలక్కుండా!

అమ్మాయి పురిటికి అమెరికా వెళ్తున్నారా? అయితే ఈపాటికి మీ ఇల్లూ మా ఇంటిలాగే ఉండి ఉంటుంది. హాల్లో నోరు తెరిచిన రెండు పెట్టెలు, మధ్యలో కాటా, చుట్టూ సీసాలు! మా సికింద్రాబాద్‌లో ఇలాంటి ప్రయాణాలు మోండా మార్కెట్లోనే మొదలవుతాయి. వాము, శొంఠి, మంచి నూనె అక్కడ కొనుక్కుని, డబ్బాల కోసం జనరల్ బజార్ వైపు ఒక చుట్టు తిరిగితేగాని మనకి తృప్తి ఉండదు.

2008 మార్చి వరకు బేగంపేటలోనే విమానం ఎక్కేవాళ్లం. ఏదైనా మరచిపోతే ఇంటినుంచి ఎవరో ఒకరు పరుగున తెచ్చిచ్చేవారు. ఇప్పుడు శంషాబాద్ వెళ్లాలి. మరచిపోయినా, పొరపాటు చేసినా వెనక్కి రావడం కుదిరే పని కాదు. ఆ సంగతి నాకు 2009లో తెలిసొచ్చింది.

పసిబిడ్డ ఒళ్లు రుద్దడానికి మా అత్తయ్య తన చేత్తో మంచి నూనె కాచి, అరలీటరు సీసాకి పోసిచ్చారు. “పెట్టె ఎక్కడైనా తప్పిపోతుందేమో, నీ చేతిసంచిలోనే పెట్టుకో అమ్మాయ్” అన్నారు. అలాగే పెట్టుకున్నాను. తనిఖీ దగ్గర ఆ సీసా పక్కన పెట్టేశారు. తప్పు వాళ్లది కాదు, తెలుసుకోకుండా వెళ్లిన నాది. అక్కడ అమెరికా కొట్లో కొన్న నువ్వుల నూనెలో వాము వేసి కాచాను. “నూనె రాస్తున్నావా?” అని అత్తయ్య ఫోన్లో అడిగితే “రాస్తున్నానత్తయ్యా” అన్నాను. అబద్ధం కాదు. కానీ నిజమూ కాదు కదా!

అందుకే మీరు జాగ్రత్త పడండి. 2006 ఆగస్టులో లండన్ నుంచి వెళ్లే విమానాల్లో ద్రవరూపంలో పేలుడు పదార్థాలు తీసుకెళ్లే కుట్ర బయటపడింది. ఆ తర్వాతే ఈ నియమం వచ్చింది. విదేశీ ప్రయాణంలో చేతిసంచిలో పెట్టే ద్రవం ఏదైనా 100 మిల్లీలీటర్లు మించని సీసాలోనే ఉండాలి. ఆ చిన్న సీసాలన్నీ కలిపి లీటరు పట్టే ఒక పారదర్శకమైన జిప్ కవర్లో ఇమడాలి. సీసా సైజే లెక్క సుమండీ! 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున కాస్త షాంపూ మిగిలినా ఒప్పుకోరు. టూత్‌పేస్టు, క్రీము, నెయ్యి, పచ్చడి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టింది కదా అని వాదించి లాభం లేదు! కొన్ని దేశాల్లో కొత్త యంత్రాలు వచ్చాక ఈ నియమం సడలించారు. కానీ దారిలో విమానం మారినచోట మళ్లీ తనిఖీ ఉంటుంది కనుక 100 లెక్కనే పట్టుకోండి. దారిలో వేసుకునే మందులకు, చంటిపిల్లల పాలకు మినహాయింపు ఉంది. డాక్టరు చీటీ మాత్రం దగ్గర ఉంచుకోండి.

సున్నిపిండి పొడే కదా అనుకుంటున్నారా? 2018 నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్ల డబ్బాకి మించిన పొడులు చేతిసంచిలో ఉంటే విడిగా పరీక్షిస్తారు. అదీ పెద్ద పెట్టెలోకే! ఎండుకొబ్బరి మాత్రం ఏ పెట్టెలోనూ వద్దు. నూనె ఎక్కువగా ఉండటం వల్ల దానంతట అదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని 2022లో మన దేశంలో నిషేధించారు. అక్కడ దిగాక ఇచ్చే వివరాల్లో తిండి వస్తువులు ఉన్నాయని చెప్పేయండి. మాంసం పచ్చళ్ల జోలికి మాత్రం పోకండి.

ఇక పెద్ద పెట్టెలో నూనె సర్దే పద్ధతి. పైకి వెళ్లాక విమానంలో గాలి ఒత్తిడి, ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు తగ్గుతుంది. సీసాలో ఉన్న గాలి వ్యాకోచించి మూతని తోస్తుంది. అందుకని నిండా పోయకుండా రెండు వేళ్ల వెలితి ఉంచండి. గాజుసీసా కన్నా గట్టి ప్లాస్టిక్ సీసా మేలు. మూతి మీద పాలిథీన్ ముక్క కప్పి మూత బిగించండి. చుట్టూ టేపు అంటించి, రెండు జిప్ కవర్లలో ఒకదాని మీద ఒకటి తొడగండి. పాత టవల్లో చుట్టి, పెట్టె నడిమధ్య నిలువుగా పెట్టండి. పక్కన పట్టుచీర మాత్రం పెట్టకండి!

రెండో మనవడి పురిటికి వెళ్లేనాటికి అత్తయ్య లేరు. అదే గిన్నెలో, ఆవిడ కాచినట్టే నేను నూనె కాచి, ఇదిగో ఇలాగే సర్దాను. అక్కడ అమ్మాయి పెట్టె తెరిచి, టవల్ విప్పి, మూత తీసి వాసన చూసింది.

“అమ్మా, నానమ్మ నూనె!” అంది.

ఒక్క చుక్క కూడా ఒలకలేదు.