రంగం మామ్మ ఎలుక

మా నాన్నగారి తల్లిని మేము రంగం మామ్మ అని పిలిచేవాళ్ళం. బర్మా దేశంలోని రంగూను నగరాన్ని పూర్వం మన ఉత్తర కోస్తా పల్లెలలో "రంగం" అనేవారు. 1989 నుంచి బర్మా పేరు మయన్మార్, రంగూను పేరు యాంగోన్.

పిల్లలూ, పటం తీసి చూడండి. విశాఖపట్నం నుంచి తూర్పుగా బంగాళాఖాతం దాటితే బర్మా వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో అన్ని దేశాలకన్న ఎక్కువ బియ్యం ఎగుమతి చేసినది బర్మాయే. వరికోతలకూ, బియ్యపు మిల్లులకూ, రేవులో మూటలు మోయటానికీ ఎందరో మనుషులు కావలసివచ్చేది. అందుచేత మన తీరంనుంచి వేలాదిమంది స్టీమరెక్కి రంగం పోయేవారు. అక్కడివారు తెలుగువారిని "కోరంగీలు" అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి వచ్చిన పేరు అది. 1931 నాటికి రంగూను జనంలో సగానికి పైగా భారతీయులే!

మా మామ్మ 1938లో, పద్నాలుగేళ్ళ వయసులో, పెళ్ళి కాగానే మా తాతగారి వెంట ఓడ ఎక్కింది. తాతగారు అక్కడ ఒక బియ్యపు మిల్లులో పనిచేసేవారు. మామ్మ ఇరవై ఆరేళ్ళు ఆ నగరంలో కాపరం చేసి, 1964లో తిరిగివచ్చింది. విశాఖపట్నంలో, కంచరపాలెం వైపు, బర్మానుంచి వచ్చినవారు కాపరాలు పెట్టిన చోటును ఈనాటికీ బర్మా క్యాంపు అంటారు. నేను పుట్టి పెరిగినది అక్కడే.

మామ్మ దగ్గర ఒక గుండ్రని రాతి సాన ఉండేది. రోజూ పొద్దున్నే దానిమీద నీళ్ళు చిలకరించి, ఒక కర్రముక్క బెరడును గంధంలాగా అరగదీసి, ఆ పసుపుపచ్చని ముద్దను బుగ్గలకు రాసుకునేది. దాన్ని "తనఖా" అంటారు. తాకట్టుకు మనం వాడే మాటకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. నిమ్మ, వెలగ కుటుంబానికి చెందిన ఒక చెట్టు బెరడు అది. ఎండకు ముఖం కమిలిపోకుండా చల్లగా ఉంచుతుందని బర్మాలో ఆడవాళ్ళూ పిల్లలూ దాన్ని రాసుకుంటారు.

ఇంటికి ఎవరు వచ్చినా మామ్మ, "థమిన్ సా పీ బీ లా?" అని పలకరించేది. "అన్నం తిన్నారా?" అని దాని అర్థం. ఒక్కొక్కసారి కథలు చెప్పేది.

"రంగంలో కొండంత బంగారు గుడి ఉంది. అక్కడ నా ఎలుక ఉంది. నెలకోసారి వెళ్ళి దానికి నీళ్ళు పోసేదాన్ని," అనేది.

నాకు అప్పుడు పదేళ్ళు. ఒకనాడు నా స్నేహితులను వెంటబెట్టుకు వచ్చి, వాళ్ళ ఎదుటనే, "మా మామ్మ ఎలుకకు అభిషేకం చేసేదిరా!" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. మామ్మ కూడా కొంచెం నవ్వి, సాన కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆమె నాకు రంగం కథ ఒక్కటి కూడా చెప్పలేదు. 1986లో ఆమె పోయింది.

మిగిలిన కథ నాకు మా నాన్నగారు చెప్పారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుమీద బాంబులు వేశాయి. భారతీయులు లక్షలకొద్దీ స్వదేశానికి బయలుదేరారు. ఓడలు దొరకనివారు కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. ఆకలితోనూ జబ్బులతోనూ వేలాదిమంది దారిలోనే చనిపోయారు. మా తాతగారి అన్న ఆ దారినే బయలుదేరి, ఇల్లు చేరలేదు. మామ్మనూ తాతగారినీ మాత్రం పొరుగింటి బర్మా ఆవిడ తన పుట్టిన పల్లెకు తీసుకుపోయి, యుద్ధం అయ్యేదాకా తన వాళ్ళతోపాటే అన్నం పెట్టింది. మామ్మ ఆమెను "అమా" అనేదట. వాళ్ళ భాషలో అమా అంటే అక్క.

యుద్ధం తరవాత వాళ్ళు రంగూనుకు తిరిగివచ్చి చిన్న అంగడి పెట్టుకున్నారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. తరవాత రెండేళ్ళలో అంగళ్ళన్నీ ప్రభుత్వపరమైపోయాయి. బతుకుతెరువు పోగా, భారతీయులు మళ్ళీ ఓడలెక్కారు. మామ్మ తన నగలు అక్కడే వదిలి రావలసివచ్చింది. ఓడ ఎక్కేటప్పుడు అమా వచ్చి తన ఇంటి సాన ఆమె చేతిలో పెట్టిందట.

ఇది విన్నాక నాకు ఆ ఊరు చూడాలనిపించింది. 2014లో వెళ్ళాను. నిజంగానే కొండంత బంగారు గుడి! దాని పేరు ష్వేడగోన్. గుట్టమీద సుమారు 99 మీటర్ల ఎత్తున, బంగారు రేకులు తాపి ఉన్న స్తూపం అది. చెప్పులు విడిచి ఎక్కాలి. మెట్లదారిలో రెండువైపులా అంగళ్ళు. పూలు అమ్ముతున్న ఒక ముసలమ్మ బుగ్గలమీద తనఖా చూడగానే నా నోట అప్రయత్నంగా మామ్మ మాట వచ్చింది: "థమిన్ సా పీ బీ లా?" ఆమె ఆశ్చర్యపోయి, బోసినోటితో నవ్వి, నా చేతికి ఇంకొక పూలగుత్తి ఇచ్చింది.

స్తూపం చుట్టూ ఎనిమిది దిక్కులలో ఎనిమిది స్థానాలు ఉన్నాయి. ఎవరు పుట్టిన వారానికి సంబంధించిన స్థానంలో వారు నీళ్ళు పోసి మొక్కుతారు. వారాలు ఏడే గదా, ఎనిమిది ఎలా వచ్చాయంటారా? బుధవారాన్ని రెండుగా పంచారు. ఉదయానికి దంతాల ఏనుగు, మధ్యాహ్నానికి దంతాలు లేని ఏనుగు గుర్తులు. సోమవారానికి పులి, మంగళవారానికి సింహం. పడమటి దిక్కున ఉన్నది గురువారం. దాని గుర్తు ఎలుక.

మామ్మ గురువారంనాడు పుట్టింది.

నేను పూలగుత్తి అక్కడ పెట్టి, గిన్నెతో నీళ్ళు పోశాను. నవ్వినందుకు క్షమించమని అడగటానికి ఇరవై ఎనిమిదేళ్ళు ఆలస్యమయింది.

పిల్లలూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడైనా వింత సంగతి చెబితే నవ్వకండి. "తరవాత ఏమయింది?" అని అడగండి. నేను ఆనాడు ఆ ఒక్క మాట అడిగి ఉంటే, అమా పేరేమిటో ఈనాడు మీకు చెప్పగలిగేవాణ్ణి.