నాలుగు సైకిళ్లు.. ఒక గొట్టం

అమెరికాలో శుక్రవారం సాయంత్రం హైవే పక్కన నిలబడితే భలే చిత్రంగా ఉంటుంది. కార్ల వెనక సైకిళ్లు వేలాడుతూ వెళ్లిపోతుంటాయి! కిందటి వేసవిలో డెన్వర్‌లోని మా అబ్బాయి ఇంటికి వెళ్లిన వారానికే మనవరాలు అడిగేసింది... 'తాతయ్యా, మోయాబ్‌కి మన సైకిళ్లు కూడా తీసుకెళ్దామా?' అని.

మోయాబ్ యూటా రాష్ట్రంలో చిన్న ఊరు. డెన్వర్ నుంచి సుమారు 570 కిలోమీటర్లు. సైకిళ్లు తగిలించే స్టాండు ఇంట్లో ఉంది. దాన్ని దూర్చడానికి కారు వెనక కింద ఒక చదరపు గొట్టం ఉండాలి. హిచ్ రిసీవర్ అంటారు. మావాడి పాత కారుకు సరిపోయేది బజార్లో దొరకలేదు.

'నేనున్నాగా' అన్నాను. విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్లు లారీ బాడీలు కట్టినవాణ్ని మరి!

బంపర్ విప్పితే అది ఉత్త ప్లాస్టిక్. బరువు మోయాల్సింది లోపలి ఛాసిస్. దానికి రెండు పక్కలా మందపాటి ఇనుప పలకలు బోల్టులతో బిగించి, వాటి మధ్య అడ్డంగా చదరపు పైపు, దాని నడుమ 2 అంగుళాల లోకొలత ఉన్న గొట్టం. ఇదీ ప్లాను. బోల్టు వెనక చిన్న వాషర్ వేస్తే పల్చటి రేకును చీల్చుకుని వచ్చేస్తుంది. అక్కడా పలకే వెయ్యాలి.

నాలుగు సైకిళ్లూ స్టాండూ కలిపి 80 కిలోలు. అంతేగా అనిపిస్తుంది. కానీ ఆ బరువు కారుకు మూడడుగుల అవతల వేలాడుతుంది. గుంట వచ్చినప్పుడల్లా అతుకును మెలిపెడుతుంది.

అద్దెకు వెల్డింగ్ మెషీన్ తెచ్చాం. ముందుగా రెండు తుక్కు ముక్కలు అతికాను. పైకి ముత్యాల వరసలా ఉంది. బెంచి వైస్‌లో బిగించి సుత్తితో కొడితే నాలుగో దెబ్బకే ఊడిపోయింది! లోహం లోపలిదాకా కరగలేదు. మెషీన్ కొత్తది, నా చేయి పాతది. మావాడు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

అంచులు ఏటవాలుగా గ్రైండింగ్ చేసి, కరెంటు పెంచి మళ్లీ అతికాను. ఈసారి వంగింది గానీ విరగలేదు. అయినా మనసొప్పలేదు. నా చేతి మీద నాకున్న నమ్మకం వెనక వచ్చే కారువాడికెందుకు? అందులోనూ పిల్లలుంటారు. కొలతలు, కోతలు, ట్యాకింగ్ వరకూ నేను చేసి, అసలు అతుకులు సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌కు అప్పజెప్పాం. నేను కోసిన పలకలు చూసి ఆయన బొటనవేలు పైకెత్తాడు. నాకది చాలు.

బయల్దేరాం. 11 వేల అడుగుల ఎత్తున కొండను తొలిచి 1973లో తెరిచిన ఐసెన్‌హోవర్ సొరంగం దాటాం. అంతకుముందే, 50 మైళ్లకు ఒకసారి ఆపించి బోల్టులు మళ్లీ బిగించాను. గ్లెన్‌వుడ్ లోయలో కొలరాడో నది పక్కపక్కనే పరుగెడుతుంటే, అందరూ నదిని చూస్తున్నారు. నేను మాత్రం వెనక అద్దంలోంచి సైకిళ్లనే చూస్తున్నాను!

మోయాబ్ చేరేసరికి ఎటు చూసినా ఎర్రరాతి కొండలే. పక్కనే ఆర్చెస్ జాతీయ పార్కు. అందులో 2 వేలకు పైగా రాతి తోరణాలున్నాయి. 1950ల్లో యురేనియంతో వెలిగిన ఊరిది. ఆ గిరాకీ పడిపోయాక సైకిళ్లే మళ్లీ కళ తెచ్చాయి. ఇక్కడి స్లిక్‌రాక్ బాటను 1969లో మోటార్‌సైకిళ్ల కోసం గుర్తించారు. తర్వాత సైకిలు వీరులకు అదే పుణ్యక్షేత్రమైంది. మాకు అంత సాహసం లేదు. నది పక్కనున్న చదును బాట చాలనుకున్నాం. మనవరాలు చేతులూపుతూ దూసుకుపోయింది.

ఆ రాత్రి ఆటోనగర్‌లో మా షెడ్డు చూసుకుంటున్న తమ్ముడికి ఫోన్ చేశాను. 'ఒరే, రేపటి నుంచి ఏ బండికి అతుకు వేసినా, ముందు ఒక ముక్క విరిచి చూడు' అని.