తిరిగే చక్రమూ, వంతులూ

ఫోన్లో గిర్రున తిరిగే రంగుల చక్రం మీరూ చూసే ఉంటారు. పేర్లు రాసి మీట నొక్కితే కాసేపు తిరిగి ఒక పేరు దగ్గర ఆగుతుంది. బడిలో ముందు ఎవరు పాఠం చదవాలి, హోటల్లో బిల్లు ఎవరు కట్టాలి అన్న పేచీలకి ఇది బాగానే పనికొస్తుంది. ఎవరూ నొచ్చుకోరు, చక్రం చెప్పింది కదా అంటారు.

నిజానికి ఇలాంటి చాలా చక్రాల్లో చక్రం చెప్పేదేమీ ఉండదు. మీట నొక్కగానే కంప్యూటర్ ఒక అంకె తీసుకుంటుంది, ఎక్కడ ఆగాలో అప్పుడే లెక్క తేలిపోతుంది. ఆ తర్వాత తిరగడం, మెల్లగా నెమ్మదించడం, పక్క పేరు మీదికి జారబోయి ఆగడం, ఇదంతా మన కోసం ఆడే బొమ్మలాట. ముందే రాసిపెట్టి ఉంది, మనం చూస్తున్నామంతే! తలరాత వాదులకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కాకపోతే రాసింది బ్రహ్మ కాదు, ప్రోగ్రాం రాసిన కుర్రాడు.

నిజంగా తిరిగి అంకెలిచ్చిన చక్రం కూడా ఒకటి ఉండేది. ఇంగ్లండులో కెండాల్, బాబింగ్టన్ స్మిత్ అనే ఇద్దరు సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలున్న బిళ్ళని మోటారుతో తిప్పి, చీకట్లో ఉండుండి దీపం మెరిపించి, ఆ మెరుపులో కనపడిన అంకెని రాసుకునేవారు. అలా పోగేసిన లక్ష అంకెల్ని 1939లో పుస్తకంగా వేశారు. సర్వేలకి వెళ్ళేవాడు తనకి నచ్చిన పొలం, దారి పక్కనున్న ఇల్లు ఎంచుకోకుండా ఉండాలంటే ఇలాంటి అంకెలు కావాలి. ఈ పద్ధతికి ఉన్న గొప్పతనమంతా దానికి ఎవరూ తెలియకపోవడమే.

ఇక మా ఖరగ్‌పూర్ సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అందరికీ రైల్వేలో ఉద్యోగాలు రావు కాబట్టి కొందరు పిల్లలు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వైపు వెళ్తున్నారు. (ఆ పేరున్న ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఇప్పటి మా పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో పుట్టినవాడే, మన కందుకూరికి పాతికేళ్ళ ముందు వితంతు వివాహం జరిపించినవాడు.) మా మేనల్లుడు అక్కడ ఒక కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. పన్నెండు మంది జట్టు. ఈమధ్య పని తగ్గి వారానికి పది మందికే సరిపోతోంది. మానవలసిన ఇద్దరెవరో కాంట్రాక్టరు ఆదివారం తన ఫోన్లో చక్రం తిప్పి, పేర్లు వాట్సాప్‌లో పెడతాడు. ఆరు వారాల్లో మావాడి పేరు నాలుగుసార్లు వచ్చింది. అంటే నాలుగు వారాల కూలి పోయింది.

మా అక్కయ్య శనికి తైలాభిషేకం చేయించింది. జట్టులో ఒకడు, ఇది శని కాదు, కాంట్రాక్టరు మోసం అన్నాడు. ఏదో ఒకటి నమ్మే ముందు లెక్క చూడాలి కదా. ఏ వారమైనా మావాడి పేరు వచ్చే అవకాశం ఆరింట ఒకటి. ఆరు వారాల్లో నాలుగుసార్లు గానీ అంతకంటే ఎక్కువసార్లు గానీ రావడానికి అవకాశం 46,656లో 406, అంటే సుమారు 115లో ఒకటి. అరుదే. కానీ ఇది మిగతా పదకొండు మందిలో ఎవరికి జరిగినా వాళ్ళింట్లోనూ ఇదే గోల జరిగేది. పన్నెండు మందిలో ఎవరో ఒకరికి ఇలా జరిగే అవకాశం సుమారు పదింట ఒకటి. ఈ మాత్రానికి శనిని పిలవనక్కరలేదు, కాంట్రాక్టరుని దొంగ అనడానికీ ఇది చాలదు. అలాగని అతనికి నిజాయితీ సర్టిఫికెట్టూ ఇవ్వలేం. ఇంట్లో ఒక్కడే కూర్చుని తిప్పే చక్రం. నచ్చని పేరొస్తే మళ్ళీ తిప్పాడేమో ఎవరు చూడొచ్చారు? వోచరు లేని ఖర్చు లాంటిది.

అసలు ఇక్కడ చక్రం ఎందుకు అన్నది నా ప్రశ్న. పన్నెండు మంది, వారానికి ఇద్దరు. వంతులు వేసుకుంటే ఆరు వారాల్లో ఒక్కొక్కరికి సరిగ్గా ఒక్కసారి వస్తుంది. మూడో తరగతి లెక్క! చక్రం ఎంత నిజాయితీగా తిరిగినా ఈ సమానత్వం రాదు. ఆరు వారాల్లో సగటున నలుగురికి ఒక్కసారి కూడా దెబ్బ తగలదు, వాళ్ళ భారం మిగతావాళ్ళు మోస్తారు. తిరుమలలో సుప్రభాతం, తోమాల లాంటి సేవల టిక్కెట్లు ఎలక్ట్రానిక్ డిప్‌లో తీస్తారు. అడిగేవాళ్ళు లెక్కకి మించి, టిక్కెట్లు కొన్నే, అందరికీ వంతు రాదు కాబట్టి అక్కడ అది సబబే. (ఎవరు రావాలో స్వామిని అడక్కుండా కంప్యూటర్‌ని అడగడం దేవస్థానం చేసిన హేతుబద్ధమైన పని, మనం అభినందించాలి.)

ఇదే మావాడికి చెప్పాను. "ఇప్పుడొద్దు మావయ్యా. నాకు నాలుగుసార్లు వచ్చేసింది కదా, ఇంక కొన్నాళ్ళు రాదు. ఇప్పుడు వంతులంటే నాకే నష్టం" అన్నాడు. కిందటి వారం ఎవరి పేరొచ్చిందో చక్రానికి గుర్తుండదురా, వచ్చే ఆదివారమూ నీకు ఆరింట ఒకటే అన్నాను. నవ్వాడు గానీ నమ్మలేదు. శని శాంతించాడని తల్లి, నా కోటా అయిపోయిందని కొడుకు! ఇక ఒక్కసారి కూడా పేరు రానివాళ్ళకి వంతుల మాటే గిట్టలేదట. గిట్టకపోవడం సహజం.

వంతులు బొత్తిగా పనికిరాని చోటు తనిఖీ. రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినన్నాళ్ళూ చూశాను. అన్ని వోచర్లూ చూడటం కుదరదు, కొన్ని ఎంచి చూస్తాం. ఏవి చూస్తామో ముందే తెలిస్తే అవి అద్దంలా ఉంటాయి, మిగతావి దేవుడెరుగు. (ఈ మాట ఒక్కటి మాత్రం ఇంకా వదల్లేదు.) చంద్రబాబు నాయుడు, మరికొందరు ప్రతిపక్ష నాయకులు వేసిన పిటిషన్ మీద 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, అసెంబ్లీ సెగ్మెంటుకి ఒక పోలింగ్ కేంద్రం బదులు ఐదింటి వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టమంది. ఆ ఐదింటిని ఎంచడానికి చక్రం తిప్పరు. అభ్యర్థుల, ఏజెంట్ల ముందు కేంద్రాల నంబర్లున్న కాగితాలు చూపించి, నంబరు కనపడకుండా నాలుగు మడతలు పెట్టి, డబ్బాలో వేసి కలిపి తీస్తారు, వీడియో తీస్తూ.

ఆ కలపడం కూడా చిన్న విషయం కాదు. వియత్నాం యుద్ధానికి కుర్రాళ్ళని పంపడానికి అమెరికాలో 1969 డిసెంబర్ 1న పుట్టినరోజుల లాటరీ తీశారు. 366 తేదీలు గుళికల్లో పెట్టి, నెలల వరుసలో పోసి, సరిగా కలపలేదు. ఏడాది చివరి నెలల తేదీలు ఎక్కువగా ముందే వచ్చేశాయి, డిసెంబర్లో పుట్టినవాళ్ళు ఎక్కువమంది సైన్యం వరుసలో ముందుకెళ్ళారు. ఏ తేదీకి ఏ నంబరు వచ్చిందో మొత్తం జాబితా పత్రికల్లో వచ్చింది కాబట్టి గణాంకవేత్తలు పట్టుకున్నారు, 1970 లాటరీకి పద్ధతి మార్చారు. మా కాంట్రాక్టరు చక్రానికి మాత్రం, మావాడు నా కోసం రాసిచ్చిన ఆరు వారాల పేర్ల కాగితం తప్ప వేరే జాబితా ఎక్కడా లేదు. ఏడో వారం నుంచి అందరి ముందూ తిప్పమని జట్టుచేత అడిగించాను. ఆలోచిస్తానన్నాడట.