డచ్చి ఆజ్ఞలూ, మన 'కో'

డచ్చిలో ఆజ్ఞకి క్రియే ముందు. 'నిన్ను నువ్వు' అని చెప్పే 'యే' దాని వెనకే రావాలి. "హాస్ట్ యే!" అంటే తొందరపడు. "క్లేట్ యే ఆన్!" అంటే బట్టలేసుకో. ఈ రెండోదాంట్లో క్రియ అసలు రూపం 'ఆన్‌క్లేడన్'. ఆజ్ఞ ఇచ్చేసరికి దాని తల తెగి వాక్యం చివర పడుతుంది!

మనకేమో క్రియ చివర్న, దాని తోకలో 'కో'. వాళ్ళది విడిమాట, చెవికి ఆనుతుంది. మనది క్రియలో కలిసిపోతుంది. అందుకేనేమో నెదర్లాండ్స్‌లో పెరుగుతున్న మా పాప దాన్ని వదిలేస్తోంది. తమ్ముడితో "చొక్కా వెయ్యి" అంటుంది. ఫోన్లో వింటున్న కనగానపల్లి అవ్వ "ఎవురికెయ్యల్ల పాపా?" అని నవ్వుతుంది. పాపకి ఆ నవ్వు అర్థం కాదు.

'యే' నేర్పడానికి ఇక్కడ బడి ఉంది. 'కో'కి మాత్రం ఇల్లే బడి. అందుకే మా ఇంట్లో ఇప్పుడు రోజంతా ఆజ్ఞలే: కడుక్కో, దువ్వుకో, పెట్టుకో... :)